ఏడవని పిల్ల

దత్తత అనగానే మన దగ్గర మాటలన్నీ పిల్ల ఇంటికి వచ్చేదాకానే సాగుతాయి. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైటులో పేరు ఎలా నమోదు చేసుకోవాలి, ఎన్నాళ్ళు ఎదురుచూడాలి, ఏ కాగితాలు కావాలి, కలెక్టర్ గారి ఉత్తర్వు ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్ళు బోలెడుమంది. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు కాబట్టి ఆ ప్రశ్నలు ఇంకా పెరిగాయి. పిల్ల గడప లోపలికి వచ్చాక ఏమవుతుందని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

నా ఉద్యోగం ఆ గడప దాటి లోపలికి వెళ్ళి కూర్చోవడం. దత్తత కోరినవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళి, వాళ్ళ సంగతి సందర్భాలు చూసి నివేదిక రాస్తాం. దాన్ని అందరూ హోమ్ స్టడీ అంటారు. పిల్ల వచ్చాక రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి వెళ్ళి, ఎలా ఉందో చూసి మళ్ళీ రాస్తాం. అది ఫాలో అప్. కాగితం మీద ఆరు నెలలకోసారే గానీ, కొత్తలో ఫోన్లు రోజూ వస్తాయనుకోండి. ఆ ఫోన్లలో విన్నదీ, ఆ ఇళ్ళలో చూసిందీ ఇవాళ చెబుతాను. అదీ ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లల గురించే. పొత్తిళ్ళలో వచ్చిన బిడ్డ సంగతి వేరు, ఏడేళ్ళ పిల్లవాడి సంగతి వేరు. ఈ వయసు పిల్లకి నడక వచ్చు, నాలుగు మాటలు వచ్చు, అలవాట్లన్నీ ఏర్పడి ఉన్నాయి. తనకేం జరుగుతోందో అడగడానికి మాత్రం భాష చాలదు.

కొత్తలో నాకు చాలా ఇళ్ళ నుంచి వచ్చే కబురు ఒకటే. "బంగారంలాంటి పిల్లండీ! ఏడుపన్నదే లేదు. కొత్తా పాతా లేదు, ఎవరు చెయ్యి చాస్తే వాళ్ళ చంక ఎక్కుతుంది. పెట్టింది తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది." చెప్పే తల్లి గొంతులో సంతోషం పొంగుతుంటుంది. పక్కనుంచి నాయనమ్మ, "మా వాడు ఈ వయసులో ఇల్లు పీకి పందిరేసేవాడమ్మా, ఈ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో" అని అందుకుంటుంది. నేను సరేనంటాను. వాళ్ళ ఆనందం మీద నీళ్ళు చల్లడం నాకెందుకు? కానీ నా నోటుపుస్తకంలో మాత్రం ఆ మాట పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకుంటాను.

ఎందుకంటే ఆ పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. శిశుగృహలో ఆయాలు వంతుల మీద పనిచేస్తారు. పొద్దున ఒకామె, రాత్రి ఒకామె, సెలవు రోజున మరొకామె. వాళ్ళను నేనేమీ అనడం లేదు. నేను చూసినవాళ్ళలో చాలామంది ప్రేమ గలవాళ్ళే, పిల్లను పంపించేటప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకున్నవాళ్ళే. కానీ చేతులు రెండే, ఎత్తుకోవలసిన పిల్లలు ఎక్కువ. అక్కడ పాలు ఏడిస్తే రావు, వేళకు వస్తాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్ళు. నిజమే గానీ, అడగడమనేది నేర్చుకోవాలంటే అడిగినప్పుడల్లా పలికే మనిషి ఒకరుండాలి. చాలాసార్లు ఏడ్చి, ఎవరూ రాక, ఇక ఏడవడం దండగ అని తెలుసుకున్న పిల్ల ఊరుకుంటుంది. మనం ఆ ఊరుకోవడాన్ని మంచి బుద్ధి అంటాం.

దీన్ని నాకంటే ఎంతో ముందు, ఎంతో బాగా చూపించినవారు ఒకాయన ఉండేవారు. పేరు జేమ్స్ రాబర్ట్‌సన్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లండన్‌లో ఆనా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో ఆయనకు బాయిలర్ చూసుకునే పని. భార్య జాయిస్ అక్కడే పిల్లలను చూసుకునేది. తర్వాత ఆయన జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడి దగ్గర చేరి, ఆస్పత్రుల్లో ఉన్న చిన్నపిల్లలను పరిశీలించారు. ఆ రోజుల్లో ఇంగ్లండు ఆస్పత్రుల్లో తల్లిదండ్రులను పిల్లల దగ్గరికి ఇష్టమొచ్చినట్టు రానిచ్చేవాళ్ళు కాదు. తల్లి వస్తే పిల్ల ఏడుస్తుంది, రాకపోతే రెండు రోజుల్లో సర్దుకుంటుంది, కాబట్టి రాకపోవడమే మేలు అన్నది అక్కడి లెక్క. రాబర్ట్‌సన్ చేతి కెమెరాతో రెండున్నరేళ్ళు కూడా నిండని ఒక పాపను, చిన్న ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చిత్రించారు. 1952లో ఆ సినిమాను డాక్టర్ల సభలో చూపిస్తే చాలామందికి కోపం వచ్చింది, ఇదంతా ఆస్పత్రులను బదనాం చేయడానికే అన్నారు. సినిమాలో పాప పెద్దగా గోల చేయదు. పెదవి బిగబట్టుకుంటుంది, బొమ్మను వదలదు, వచ్చిన తల్లి వైపు నుంచి మొహం తిప్పుకుంటుంది. సర్దుకుంది అని నర్సులు రాసుకునేది ఇలాంటి పిల్ల గురించే. మొదట ఎదురు తిరగడం, తర్వాత ఆశ వదులుకోవడం, ఆపైన ఎవరితోనూ లోతుగా ముడిపడకుండా పైపైన అందరితో నవ్వుతూ ఉండడం. రాబర్ట్‌సన్ చెప్పిన మూడు మెట్లు ఇవి. ఏడేళ్ళ తర్వాత, 1959లో, అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడంటే అప్పుడు రానివ్వాలని సిఫారసు చేసింది.

అందరి చంకా ఎక్కే మన బంగారుతల్లి ఏ మెట్టు మీద ఉందో ఇప్పుడు మీరే ఆలోచించండి.

అలాగని భయపడాల్సిందేమీ లేదు. ఈ వయసులో మెట్లు దిగడం కూడా అవుతుంది. అయితే దిగేటప్పుడు చప్పుడవుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు తిండి, నిద్ర చూద్దాం, పిల్ల మనసు మొదట తెలిసేది అక్కడే.

ఒక ఇంట్లో నేను వెళ్ళేసరికి రెండేళ్ళ బాబుకు స్నానం చేయిస్తున్నారు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంది. అందులో పొద్దుటి ఇడ్లీ ముక్క. నీళ్ళకు నాని వేళ్ళ సందుల్లోంచి తెల్లగా కారుతోంది, వాడు పిడికిలి విప్పడు. వాళ్ళమ్మ విప్పబోతే వాడు ఏడవలేదు, మీద పడలేదు, కళ్ళు మూసేసుకున్నాడు. అప్పుడు వాళ్ళ నాయనమ్మ, పెద్దగా చదువుకున్న మనిషి కాదు, వంటింట్లోకి వెళ్ళి ఇంకో ఇడ్లీ తెచ్చి కుడి చేతిలో పెట్టింది. "ఉండనీవే, వాడికి ఇంకా నమ్మకం కుదర్లేదు" అంది. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి అంతకంటే ఏం చెబుతాయి! తర్వాత వాళ్ళు ఒక చిన్న స్టీలు డబ్బాలో మరమరాలు పోసి, అరటిపండు పక్కన పెట్టి, వాడికి అందే ఎత్తులో ఉంచారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కొన్నాళ్ళు డబ్బాను చంకనేసుకుని తిరిగాడు. ఆ తర్వాత దాని మూత ఎక్కడ పారేశాడో వాడికే తెలియదు.

ఇలాంటి పిల్లలు కొందరు గబగబా తింటారు, తల ఎత్తరు, కడుపు నిండినట్టు తెలియదు. కొందరు నమలరు, అంతవరకూ మెత్తగా కలిపిందే తిన్నారు కదా. నిదానంగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొహంలోకి చూస్తూ, గోరుముద్దలు పెట్టడం మన ఇళ్ళలో ఎటూ ఉన్నదే. రెండేళ్ళు వచ్చాయి, సొంతంగా తినడం నేర్పాలి అని తొందరపడకండి. సొంతంగా తినడం ఆ పిల్లకు ఎప్పుడో వచ్చు. ఒకరి చేతి నుంచి తినడమే కొత్త.

నిద్ర ఇంకో వింత. పెద్ద గది, వరుసగా మంచాలు, రాత్రంతా వెలిగే లైటు, చుట్టూ పది మంది పిల్లల ఊపిరి. అక్కడి నుంచి తెచ్చి, గోడకు చందమామ బొమ్మలు అతికించిన ప్రత్యేకమైన గదిలో, ఏసీ వేసి, లైటు తీసి, తలుపు వేస్తారు. మనకు వైభోగం, పిల్లకు కారుచీకటి. రాత్రంతా హాయిగా పడుకుందని తల్లి అనుకుంటుంది. ఒక తల్లి ఎందుకో అర్ధరాత్రి లేచి చూస్తే, పాప వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరిచి ఫ్యాను వంక చూస్తూ, తల అటూ ఇటూ తిప్పుకుంటోందట. తనను తాను జోకొట్టుకోవడం అన్నమాట. పక్కన పడుకోబెట్టుకోండి. చిన్న దీపం ఉంచండి. ఆ చందమామల గది ఎక్కడికీ పోదు, బడికి వెళ్ళే వయసుకి పనికొస్తుంది.

పిల్లను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు కొత్త గౌను, కొత్త చెప్పులు తీసుకెళతారు. తప్పు లేదు. కానీ ఆ పిల్ల ఒంటి మీది పాత గౌను, పడుకునే గుడ్డ అడిగి తెచ్చుకోండి. తెచ్చాక వెంటనే ఉతకొద్దు. వాసన అనేది ఈ వయసులో ఇల్లంత పెద్ద విషయం. ఆయాను అడిగి ఏ సబ్బు వాడతారు, ఏం పాట పాడితే పడుకుంటుంది, నీళ్ళు కావాలంటే ఏమంటుంది అన్నది రాసుకోండి. ఈ ఆఖరుది ముఖ్యం. కారా జాబితా దేశమంతటికీ ఒకటే కాబట్టి ఒడిశా పిల్ల గుంటూరుకు రావచ్చు, మన పిల్ల పుణె వెళ్ళవచ్చు. "పాణి, పాణి" అంటున్న పిల్ల దాహంతో అంటోందని తెలియక బొమ్మలిచ్చి బుజ్జగించిన ఇల్లు నాకు తెలుసు. పేరు కూడా అంతే. ఆ పిల్లకు తనదంటూ ఉన్న ఒకే ఒక్క వస్తువు అది. పుట్టినరోజు కూడా చాలామంది విషయంలో డాక్టరు పళ్ళూ ఎత్తూ చూసి వేసిన అంచనాయే. మనకు పత్రిక పేరు ఒకటి, పిలుపు పేరు ఒకటి ఉండడం అలవాటే కదా. బారసాలలో మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, పిలవడానికి పాతది ఉంచండి.

ఇక నాన్నలు. శిశుగృహలో ఎత్తుకునేవాళ్ళంతా ఆడవాళ్ళే. మీసం, బొంగురు గొంతు, షర్టు జేబులో పెన్ను అన్నీ కొత్తే. పిల్ల దడుచుకుంటే నాన్న చిన్నబుచ్చుకుంటాడు. ఒక బ్యాంకు ఉద్యోగి చాకచక్యం చెబుతాను. ఆయన సాయంత్రం రాగానే హాల్లో కింద కూర్చుని, పిల్ల వైపు వీపు పెట్టి, చిక్కుడుకాయలకు ఈనెలు తీసేవాడు. పలకరించడు, చూడడు. కొన్నాళ్ళకు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కాయ తీసుకుంది. ఇంకొన్నాళ్ళకు ఆ చెయ్యే కాయను పళ్ళెంలో వేసింది. ఆ ఇంట్లో ఎంతకాలం చిక్కుడుకాయ కూర తిన్నారో అడగలేదు.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పవలసిన విషయం. చుట్టాలు.

మన ఇళ్ళలో కాన్పయితే పురుడు ఉంటుంది. బాలింతనూ బిడ్డనూ ఒక గదిలో ఉంచుతాం. పదకొండో రోజు దాకా అడ్డమైనవాళ్ళు ముట్టుకోరు. అమ్మమ్మ వచ్చి బాలింతకు పథ్యం వండి పెడుతుంది, వేణ్ణీళ్ళు కాస్తుంది. మైల అనండి, ఆచారం అనండి, దాని వల్ల జరిగేది ఒకటుంది. తల్లీ బిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండడానికి వీలు దొరుకుతుంది. దత్తత తల్లికి ఆ పురుడు లేదు. శుక్రవారం పిల్ల వస్తే ఆదివారం ఫంక్షన్ హాలు. రెండొందల మంది, మైకు, ఎర్రనీళ్ళతో దిష్టి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పిల్ల. "ఎంత కలుపుగోలుగా ఉందో" అని అందరూ మెచ్చుకుంటారు. అమ్మ ఎవరో ఇంకా తేల్చుకోని పిల్ల కనబడ్డ ప్రతి చీరనూ అమ్మా అంటుంది. అక్కడ అందరూ అమ్మలే కదా, ఇక్కడా అంతే కాబోలు అనుకుంటుంది.

అందుకని నేను హోమ్ స్టడీ అప్పుడే అడుగుతాను, మీ ఇంట్లో పురుడు ఎన్నాళ్ళు పెట్టుకుంటారు అని. నవ్వుతారు. నేను నవ్వను. కనీసం కొన్ని వారాల పాటు తినిపించడం, స్నానం, పడుకోబెట్టడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం అమ్మానాన్నల చేతుల మీదుగానే జరగాలి. నాయనమ్మలకూ అమ్మమ్మలకూ కష్టంగా ఉంటుంది, తెలుసు. వాళ్ళు ఎప్పటి నుంచో ఎదురు చూసినవాళ్ళు. వాళ్ళతో నేను చెప్పేది ఒకటే. "అత్తయ్య గారూ, మీరు మనవరాలిని కాదు, కోడలిని చూసుకోండి. కూతురు పురిటికి వస్తే ఏం చేస్తారో అదే చేయండి." చాలామంది వెంటనే అర్థం చేసుకుంటారు, ఎందుకంటే ఆ పని వాళ్ళకు బాగా వచ్చు.

సెలవు సంగతి వస్తే నాకు కొంచెం ఒళ్ళు మండేది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు దత్తత తల్లికి 12 వారాల సెలవు రాశారు. అయితే బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉంటేనే అని అప్పట్లో షరతు పెట్టారు. మరోపక్క బాలల న్యాయ చట్టం ప్రకారం, వదిలేసిన పసిబిడ్డను దత్తతకు యోగ్యమని ప్రకటించడానికే రెండు నెలల దాకా, రెండేళ్ళు దాటిన పిల్లకైతే నాలుగు నెలల దాకా గడువు. ఆ తర్వాత జాబితా, కాగితాలు. మూడు నెలల లోపు ఇల్లు చేరే బిడ్డ ఎక్కడుంది? రెండేళ్ళ పిల్లను తెచ్చుకున్న తల్లి సోమవారం ఆఫీసుకు వెళితే, ఆ పిల్లకు అది మరో వంతు మారడమే.

తల్లుల గురించి కూడా ఒక మాట. పిల్లను చూడగానే ప్రేమ పొంగుకొస్తుందని అందరూ చెబుతారు. కొందరికి పొంగుతుంది. కొందరికి రాదు. "నేను ఆయాలాగా చేస్తున్నానండీ, అమ్మలాగా అనిపించడం లేదు" అని నా దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు. ఆ మాట నోటితో అనగలిగినవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. చేస్తూ ఉండగా వస్తుంది. అసలు పరిచయం లేని ఇద్దరికీ ఒకేసారి ప్రేమ పుట్టాలని ఎక్కడుంది?

ఇప్పుడు చప్పుడు సంగతి. ఒక ఇంట్లో వాకిట్లో సిమెంటు మెట్టు మీద నుంచి పాప పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం. పాప లేచింది, గౌను దులుపుకుంది, ఎవరి వైపూ చూడకుండా ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న, "చూశారా మేడమ్, ఎంత ధైర్యమో" అన్నాడు. నేను తర్వాతి సారి వెళ్ళినప్పుడు అదే పాప గడప తట్టుకుని చాప మీద పడింది. చాప కాబట్టి దెబ్బేమీ లేదు. పడగానే ఏడవలేదు కూడా. తల తిప్పి అమ్మ ఎక్కడుందో వెతికింది. వంటింటి గుమ్మంలో అమ్మ కనబడింది. అప్పుడు, కొంప మునిగినట్టు, ఏడుపు! వాళ్ళమ్మ గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తింది. ఆ రోజు నా పుస్తకంలో ప్రశ్న గుర్తు కొట్టేశాను.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఈ సమయంలోనే నాకు ఫిర్యాదులు మొదలవుతాయి. "ఏమైందో తెలియదండీ, మొండిగా తయారైంది. బాత్రూముకు వెళ్ళినా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఎవరి దగ్గరికీ వెళ్ళదు. రాత్రి నాలుగుసార్లు లేచి నన్ను తడిమి చూస్తోంది. ఎవరి దిష్టి తగిలిందో!" నాయనమ్మ అయితే నన్ను దోషిలా చూస్తుంది. "వచ్చినప్పుడు ఎంత మంచిపిల్లండీ, మీరు చెప్పినట్టు ఎత్తుకుని ఎత్తుకుని పాడు చేశారు" అంటుంది. కొందరు ఈ దశలో పిల్లను దారిలో పెట్టాలని చీకటి గదిలో కూర్చోబెడతామని, మళ్ళీ అక్కడికే పంపించేస్తామని బెదిరిస్తారు. సరదాకే అంటారు. దయచేసి ఆ ఒక్క మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. వేరే పిల్లలకు అది బూచి కథ, ఈ పిల్లకు జరిగిన సంగతి.

ఒకసారి ఇలాంటి ఇంటికి వెళ్ళొచ్చి నివేదికలో, "పిల్ల తల్లిని క్షణం వదలడం లేదు. తల్లి కనబడకపోతే గట్టిగా ఏడుస్తోంది" అని రాశాను. పై అధికారి ఫోన్ చేశారు. "ఏమ్మా, అంతా బాగానే ఉందన్నావు, మరి ఇదేమిటి, సమస్యల గడిలో రాయాల్సింది పురోగతి గడిలో రాశావు?" అన్నారు. సరైన గడిలోనే రాశానండీ అన్నాను. ఆయన కాసేపు ఆగి, తన రెండో అమ్మాయి ఎల్‌కేజీలో చేరిన రోజు సంగతి మొదలుపెట్టారు. ఫోను పెట్టేసరికి నా టీ చల్లారిపోయింది.

చివరగా, దత్తత అన్న మాటను పిల్ల ముందు దాచకండి. ఇప్పుడే, ఏమీ అర్థం కాని వయసులోనే, ముద్దు చేస్తూ ఆ మాట వాడండి. శిశుగృహ ముందు దిగిన ఫొటో ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉండనివ్వండి. వీధిలో ఎవరైనా "సొంత పిల్లేనా?" అని అడిగితే "అవును" అని చెప్పి మీ దారిన మీరు వెళ్ళండి. అది అబద్ధం కాదు, కలెక్టర్ గారి సంతకం ఉంది.

ఇక ఆ ఫంక్షన్ అంటారా? వద్దని నేనెందుకంటాను! అన్నన్ని సంవత్సరాలు ఎదురుచూసినవాళ్ళు పండగ చేసుకోవద్దూ? కాస్త ఆగి, పిల్ల మీ చంక దిగనంటూ కొంగు పట్టుకుని, వచ్చిన ప్రతి పెద్దమ్మకూ పిన్నికీ మొహం తిప్పేసుకునే రోజులు వచ్చాక పెట్టుకోండి. చుట్టాలు కొంచెం నొచ్చుకుంటారు, భోజనాలు బాగుంటే మర్చిపోతారు. నాకూ ఒక శుభలేఖ పంపండి, వస్తాను. పాప నా దగ్గరికి రాకపోయినా ఏమీ అనుకోను.